మంగళవారం ఎరుపు

హలో… ఆ, నేనే. నోరాల్బాని.

…గొంతుకేం, బాగానే ఉంది. ఏడవాల్సిందంతా కోచ్ ఎవెలియో సార్ దగ్గరే ఏడ్చేశాను.

…ఎందుకంటావేంటి? రేపు పోటీకి బుకారామంగా ఊరికి వెళ్ళే బస్సులో నేను లేనట. నా బదులు నువ్వు ఆడతావట—

…నీకు ముందే తెలుసా? ఎంత తేలిగ్గా అన్నావే.

…"నీ మంచికే" అనకు. ఎవెలియో సార్ కూడా అదే మాటన్నారు. ఎవరు నేర్పారో ఇప్పుడు తెలిసింది.

…ఆయన ఫోన్లో చూశాను యెసీ. నా వీల్‌చైర్ కుషన్‌లోని సెన్సర్ పంపిన బొమ్మ. బరువు ఆని కూర్చున్నచోటంతా ఎర్రగా ఉంది. "పొద్దంతా ఒక్కసారైనా చేతుల మీద ఆని కుర్చీలోంచి ఒళ్ళెత్తలేదు, ఇలాగైతే పుండు పడుతుంది, నిన్ను ఆడనివ్వను" అన్నారు. ఆ బొమ్మ ఇద్దరి ఫోన్లకే వస్తుంది, నాకూ నీకూ. మా అమ్మకి కూడా ఇవ్వలేదు. చూస్తే హడలిపోయి నన్ను గడప దాటనివ్వదని నీకిచ్చాను—

…ఆగు. నన్ను చెప్పనీ. అది మంగళవారం బొమ్మ.

…

మంగళవారం నీ గాలి కుషన్ పంక్చరైంది. ఏడుస్తూ ఫోన్ చేశావు. నాది తీసి అమ్మ చేత పంపాను. నేను సాయంత్రం దాకా మంచం మీద బోర్లా పడుకున్నాను. అరెపా రొట్టె కూడా అలాగే తిన్నాను, సగం దిండు మీద రాలింది.

…అవును, బొమ్మ మీద నా పేరే ఉంటుంది. పైన కూర్చున్నది ఎవరో కుషన్‌కేం తెలుసు?

…మర్చిపోయావా?

…మర్చిపోతే ఇంత మెల్లగా మాట్లాడవు నువ్వు.

…సరే, ఒక్కటి చెప్పు. పుండు పడిందేమో వెనకాల అద్దం పెట్టి చూసుకున్నావా?

…

ఎప్పట్నించి?

…వాసన వస్తోందా?

…దేవుడా. అంటే తెలిసే చేశావు. నీ పుండు తీసుకొచ్చి నా ఒంటికి అంటగట్టావు.

…ఆడాలని నాకు లేదా? ఏడాదంతా నేనెందుకు చచ్చాను ఆ బాస్కెట్‌బాల్ కోర్టులో? ఆస్పత్రిలో చేతుల మీద ఒళ్ళెత్తడం నాకు నేర్పింది నువ్వే కదే. నేను మర్చిపోతే పక్క మంచం మీంచి తిట్టేదానివి—

…ఏడవకు. నాకు జాలి వేస్తోంది. ఇప్పుడు జాలిపడటం నాకిష్టం లేదు.

…చెప్తాను. ఎవెలియో సార్‌కి అంతా చెప్తాను. బతిమాలకు. ఆ పుండుతో కొండదారిలో బస్సులో కూర్చుంటే ఎముకదాకా పోతుంది. నీకు నడుం కింద నొప్పి కూడా తెలీదు.

…ముందు బోర్లా పడుకో. మీ అమ్మని పిలిచి చూపించు. కుర్చీ ఎక్కకు—

…లేదు. నిన్ను చూడ్డానికి నేను రాను.

…బుకారామంగా నుంచి వచ్చాక కూడా రాను యెసీ.

…ఉండు. ఫోన్లో నీ పేరు తీసేస్తున్నాను, నా కుషన్ బొమ్మ నీకు రాకుండా… ఆ, తీసేశాను.

…

ఇకనుంచి నేను కూర్చున్నానో, లేచానో, పడ్డానో… నీకు తెలీదు. పెట్టేస్తున్నా.