పాలసీసాల నరసింగరావు బాబు

నువ్వు సదవబోయీది పసువుల సదువేనేటి? ఒలమ్మో, ముందే సెప్పొద్దేటి! అయితే నీకు నరసింగరావు బాబు ముచ్చట సెప్పాల. ఇలాగొచ్చి కూకో. మీ అమ్మ అప్పటికి ఏడాదిన్నర పిల్ల. అరవై ఏడో, ఎనిమిదో... పెద్ద గాలివాన కొట్టిన మరుసటేడు. మీ తాత నెల్లిమర్ల మిల్లుకి పోయీవోడు. ఇంట్లో పెత్తనమంతా మా అత్త కూర్మమ్మది.

ఈ బాబు పసువుల కాలేజీ నుంచి వొచ్చినాడు. సన్నగా, పొడుగ్గా. సైకిలెనక సీసాల పెట్టి, ఊర్లోకొస్తే ఒకటే గలగల. మన పక్క గోగు పండిస్తాం గదా, నార మిల్లుకి పోతాది, గింజకి ఇలవ నేదు. ఆ గింజ గానుగాడించి, నూని తీసీసిన తెలగపిండి గేదిలకి పెడితే పాలల్లో వెన్న తగ్గకుండా ఉంటాదా అని ఆయన పరీచ్చ. దాని మీదే ఆయనకి డాక్టరు పట్టా. ఆరిల్ల గేదిల్ని రాసుకున్నాడు, మాదొకటి. రెండుపూట్లా ఇంటికో సీసాడు పాలు పట్టుకెల్లీవోడు. గేది పక్కన కూకుని అదెన్నిసార్లు నెమరేసిందో లెక్కెట్టీవోడు. ఊరోల్లు నవ్వీవోరు, "ఈ బాబుకి వేరే పని నేదేటి" అని.

సరే, నెల తిరిగీసరికి మా గేది పాలు పల్సనని ఆయన లెక్కలో తేలింది. అవ్వవేటి మరి? నానే నీల్లు పోసీదాన్ని. అలా సూడకే! మా అత్త పాలన్నీ కొలిసి హోటలుకి పోసీది. "ఆడపిల్లకి పాలేటే, గంజి పొయ్యి" అనీది. మీ అమ్మకి కాల్లు పుల్లల్లాగ, పొట్ట ముందుకి. నాను పితికినప్పుడే అరసేరు తీసీసి దానికి పట్టీసి, తీసినన్ని నీల్లు కలిపి మా అత్తకిచ్చీదాన్ని.

ఓరోజు తెల్లారగట్ల బాబు దిగిపోనాడు. "నా ముందు పితుకు గున్నమ్మా" అన్నాడు. పాల సిక్కదనం తెలిసీ గాజుగొట్టం ముంచి సూసినాడు. సిక్కటి పాలు! అంతట్లోకి మీ అమ్మ గిన్ని సాపుకుని వొచ్చి నిలబడింది, అలవాటు గదా. ఆయన పిల్లని సూసినాడు, నా పక్కనున్న నీల్ల సెంబు సూసినాడు. ఎనకాల మా అత్త, "ఏటి బాబూ, మా గేదికేటి రోగం?" అంది. "గేదికేం లేదమ్మా. నా సీసాల్లో కడిగిన నీళ్లు ఉండిపోయాయి. తప్పు నాదే" అన్నాడు.

ఆ లెక్కలన్నీ కొట్టీసి మల్లీ మొదట్నించీ పెట్టినాడు. దాంతో ఆయనకో ఏడాది పోయింది. కాలేజీలో పెద్దాయన, "సీసా కడగడం రానివాడికి డాక్టరేటేటయ్యా" అని నలుగుర్లో తిట్టినాడట. రావలసిన లెచ్చరరు ఉద్యోగం ఎనకోడికి పోయిందట. బాబు కూడా తిరిగీ పసువులాస్పత్రి కంపౌండరు సూరయ్య సెప్పినాడు నాకు. ఆ బాబు మాత్రం నా నీల్ల సంగతి ఎక్కడా బయటెట్టనేదు.

రెండోపాలి వొచ్చి మా అత్తతో ఏటన్నాడో తెల్సా? "అమ్మా, ఈసారి పరీక్షలో ఇదీ ఉంది. ఇంట్లో చిన్నపిల్లకి రోజూ అరసేరు పాలు పట్టాలి. వారానికోసారి బరువు రాసుకుంటాను." గవర్మెంటు పని గావాల అనుకుని మా అత్త తలూపింది. గడ్డి తూసీ కాటా కొక్కేనికి గుడ్డుయ్యాల కట్టి మీ అమ్మని తూసీవోడు. అది కిలకిలా నవ్వీది. ఆయన కల్లద్దాలు సర్దుకుని ఎంతో సీరియస్‌గా రాసుకునీవోడు.

గోగుపిండి నెగ్గింది. పుస్తకం అచ్చయితే సూరయ్య తెచ్చి సదివినాడు. ఆరు గేదిలూ ఉన్నాయి. "మరి పిల్ల బరువులేవీ?" అన్నాను. ఎనక్కీ ముందుకీ తిరగేసినాడు. "పిల్లేటి? ఇందులో ఏ పిల్లా నేదే" అన్నాడు.

తరవాత ఒక్కపాలే వొచ్చినాడు, మీ అమ్మ పెల్లికి. జుట్టంతా నెరిసిపోయింది. అచ్చింతలేసి ఎల్లిపోతంటే ఎనకాలెల్లి, "బాబూ, ఆ నీల్లు..." అన్నాను. "మీ గేది ఈనిందా గున్నమ్మా?" అన్నాడు. ఈనింది బాబూ అన్నాను. ఏడాది తిరక్కుండానే పోయినాడు...

ఒసే, పొయ్యి మీద ఏటో మాడుతన్నట్టున్నాది, ఎల్లి సూడు.