మడత పెట్టని చీరలు

“సిగ్గుండాలమ్మా మౌనికా! రోజుకి పదకొండు గంటలు నిలబడుతున్నావు, ఆ కాళ్లు వణకవు గానీ, ఒక్క సంతకం పెట్టమంటే చెయ్యి వణుకుతోందా? ఏం మనుషులమ్మా మీరు!”

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల పక్కన అంతయ్య టీ బండి ముందు నిలబడి గంగాధరరావు ఈ మాట పదిమందికీ వినపడేలా అన్నాడు. ఇంకా పది కాలేదు. బట్టల షాపుల షట్టర్లు సగం లేచి, సగం దిగి ఉన్నాయి. మౌనిక తల వంచుకుని టీ గ్లాసు వైపే చూస్తోంది.

ఆమె చేతిసంచిలో చీరల షాపుల కార్మిక సంఘం కాగితం ఉంది. రోడ్డుకి అవతల ఉన్న నాలుగంతస్తుల షోరూంలో ఆమె ఆరేళ్లుగా చీరలు అమ్ముతోంది. అక్కడ పనిచేసే ఆడపిల్లలు కూర్చోవడానికి ఒక్క స్టూలైనా లేదు. కౌంటర్‌కి కాస్త ఆనుకుంటే చాలు, పైగదిలో కెమెరా చూసేవాడు మైకులో పేరు పెట్టి పిలుస్తాడు, కొనడానికి వచ్చినవాళ్లందరూ తిరిగి చూస్తారు. పొద్దు గూకేసరికి మౌనిక పిక్కల మీద నరాలు తాళ్లలా ఉబ్బుతాయి. ఈ వేళ పదకొండింటికి సంఘం కార్యదర్శి రాములమ్మ స్టూళ్ల కోసం ఆ యజమానితో మాట్లాడబోతోంది. చేతిలో సంతకాలు ఉంటేనే ఆమెని లోపలికి రానిస్తారు. మిగతా పంతొమ్మిది మందీ మౌనిక పెడితే మేమూ పెడతామన్నారు. పెట్టినవాళ్లు రేపట్నించి రానక్కర్లేదని యజమాని తమ్ముడు నిన్ననే చెప్పాడు. బడంగ్‌పేటలో మౌనిక ఇల్లు ఆమె ఉద్యోగం మీదే నడుస్తోంది.

“భయమైతాంది అంకుల్,” అంది మౌనిక.

“భయమా? ఆ మాట నా ముందు అనకు. నా ఒంట్లో ఆ సరుకు లేదు. అంతయ్యా, ఇంకో టీ కొట్టు, చక్కెర తగ్గించు. విను తల్లీ. పోయిన ఏడు శ్రావణమాసం. మా సాంబమూర్తిగారి షాపు నీకు తెలుసుగా, పట్టు సెక్షన్ మొత్తం నా చేతుల మీద నడిచేది. మా దగ్గరా ఇదే గోల. నలభై మంది ఆడవాళ్లు, ఒక్కళ్లకీ కూర్చునే యోగం లేదు. మాతో పనిచేసే ఈ రాములమ్మే వెళ్లి స్టూళ్లు అడిగింది. పాపం ఆడమనిషి, ఏదో మెల్లిగా అడిగింది, ఆయన విన్లేదు. అప్పుడు నేను లేచాను. లేచి ఏవన్నానో తెలుసా? ‘అయ్యా, మేం పని మానం. చీరలు చూపిస్తాం. అడిగినన్ని విప్పి చూపిస్తాం. కానీ విప్పిన చీర మడత పెట్టం.’ అంతే. ఇంకో మాట అనలేదు.”

“మడత పెట్టకుంటె ఏమైతది సార్?” అన్నాడు అంతయ్య పాలగిన్నె తిప్పుతూ.

“ఏవవుతుందా! నువ్వు చీరల షాపు గుమ్మం ఎక్కావా ఎప్పుడైనా? ఒక్క చీర అమ్మాలంటే అరవై విప్పాలయ్యా. విప్పడం ఎంతసేపు, విదిలిస్తే అయిపోయె. ప్రాణం పోయేది మడతలో. అంచుకి అంచు కలవాలి, జరీ నలగకూడదు, మళ్లీ వచ్చినావిడకి ఇది ఎవరూ ముట్టుకోని చీర అనిపించాలి. అలాంటిది, నలభై మంది, శ్రావణ శుక్రవారం ముందు రోజు, పొద్దున పదకొండున్నర నుంచి విప్పడమే గానీ మడత లేదు. ఒక్క గంటకి మోకాళ్ల దాకా వచ్చాయి చీరలు. రెండు గంటలకి నడుం దాకా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“ఏమైంది?” మౌనిక తల ఎత్తింది. మడత కష్టం ఆమెకి కొత్త కాదు. మడత పెట్టకుండా ఉండొచ్చని మాత్రం ఆరేళ్లలో ఒక్కసారీ తోచలేదు.

“ఏవవుతుంది, జనం తప్పిపోయారు. పెద్దంబర్‌పేట నుంచి వచ్చిన ఓ పెళ్లివారు కంచిపట్టు కుప్పలో పడి వెంకటగిరి కుప్పలోంచి తేలారు. ఓ పెద్దమనిషి భార్యని వెతుక్కుంటూ పోచంపల్లి సెక్షన్లో మధ్యాహ్నమంతా తిరిగాడు, మేం మైకులో పిలిచాం, ఆవిడ పలికింది గానీ ఏ చీర కింద నుంచి పలుకుతోందో తెలీదు!”

పక్కన నిలబడ్డ ఆటోవాళ్లు నవ్వారు. మౌనికకీ నవ్వొచ్చింది. నవ్వు చూసేసరికి గంగాధరరావు గొంతు ఇంకో మెట్టు ఎక్కింది. ఎదుటివాళ్ల చెమటని తన చొక్కాకి పూసుకుని తిరగడం కూడా దొంగతనమే. కానీ వినేవాళ్లు నవ్వుతుంటే ఆ దొంగతనం చేసేవాడికి తప్పు చేస్తున్నట్టే అనిపించదు.

“నవ్వకండి, జరిగింది చెబుతున్నా. మూడింటికల్లా రెండో అంతస్తు నిండింది. చీరలు మెట్ల మీదుగా దిగాయి. అద్దాల తలుపు తోసుకుని మెయిన్ రోడ్డు మీదికి వచ్చాయి. మన సిటీ బస్సు ఒకటి అప్పుడే వచ్చింది. ఓ బెనారస్ చీర దాన్ని చుట్టుకుంది చూశావూ, కుచ్చిళ్లతో సహా! డ్రైవరు దిగి దణ్ణం పెట్టాడు, అమ్మవారి బస్సనుకుని.”

“బస్సుకు బొట్టు గూడ పెట్టిండ్రా సార్?” అన్నాడు ఓ ఆటో అతను.

“మధ్యలో మాట్లాడకు, అసలు సంగతి పోతుంది. పైన మెట్రో రైలు. ఓ ఉప్పాడ జామ్‌దానీ కొంగు గాలికి లేచి రైలు డబ్బాకి చిక్కుకుంది. ఇక్కణ్ణించి మియాపూర్ దాకా ఆ రైలు పమిట వేసుకునే వెళ్లింది. స్టేషన్లలో ఆడవాళ్లు ‘ఈ రంగు బావుంది, ఏ షాపు?’ అని అడిగారు. పొమ్మని చెప్పాను నేను, ఇవాళ అమ్మకాలు లేవు, సమ్మె!”

అప్పుడే సైదాబాద్ వైపు నుంచి ఓ నడివయసు మనిషి నడిచి వచ్చింది. నేత చీర, భుజానికి గుడ్డసంచి. గంగాధరరావు వెనక ఉన్న బల్ల మీద కూర్చుంది. అంతయ్య నోరు తెరవబోతే వద్దని వేలు చూపించింది. ఆమే రాములమ్మ. మౌనిక ఆమెని చూసింది. గంగాధరరావు చూడలేదు.

“నాలుగింటికి కొత్తపేట మునిగింది. అయిదింటికి ఎల్బీ నగర్ చౌరస్తాలో నాలుగు వైపులా చీరలే. విజయవాడ బస్సులన్నీ హయత్‌నగర్లో ఆగిపోయాయి. పోలీసులు వచ్చారు, ఒక్క చీర తొక్కుతారేమో చూస్తాను అన్నాను, అంతే, బూట్లు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ఆకాశంలోంచి ఫొటో తీశారు, అందులో ఊరి చుట్టూ ఉన్న పెద్ద రింగు రోడ్డు కనిపించలేదు, దాని బదులు జరీ అంచు కనిపించింది!”

“మీ సేటు ఏం జేసిండు మరి?” అన్నాడు అంతయ్య. అతను గంగాధరరావుని చూడడం లేదు. వెనక బల్ల వైపు చూసి నవ్వు ఆపుకుంటున్నాడు.

“సాంబమూర్తిగారు హెలికాప్టర్లో తిరిగారయ్యా, తన షాపు ఎక్కడుందో కనపడక! పైనుంచి మైకులో ‘గంగాధరరావుగారూ, మీకేం కావాలండీ?’ అన్నారు. మీరు అన్నారు, గమనించు. ‘నలభై స్టూళ్లు’ అన్నాను. ‘ఇచ్చాను’ అన్నారు. అన్న మరుక్షణం నేను చౌరస్తాలో నిలబడి ఓ చీర కొస పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించాను. అక్కడి కొస కదిలితే ఇక్కడ దిల్‌సుఖ్‌నగర్లో కొస కదిలింది. గంటన్నరలో ఆ చీరలన్నీ, చెబితే నమ్మవు, నేనొక్కణ్ణే మడిచాను.”

“ఇంత సేపట్ల గదొక్కటే నిజం,” అంది వెనక నుంచి రాములమ్మ.

గంగాధరరావు చేతిలో గ్లాసు ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు. ఆ గొంతు ఎవరిదో తెలుసు.

“రాములమ్మా, నువ్వెప్పుడొచ్చావు?”

“రైలుకు పమిట ఏసిన కాడ ఒచ్చిన. చెప్పు అన్నా, ఆపినవేంది?”

ఎవరూ నవ్వలేదు. ఆమె గొంతులో ఎగతాళి లేదు. రాములమ్మ బల్ల మీద జరిగి మౌనికకి చోటిచ్చింది.

“కూసో బిడ్డా. జరిగింది చెప్త, చిన్నగనే ఉంటది. మడుచుడు మానుదామన్న మాట గీయనది గాదు, నాది గూడ గాదు. సైదమ్మ అని మా షాపుల కాటన్ చీరల కాడ చేస్తది. మేం అన్నం గూడ నిలబడే తింటుంటిమి, మెట్ల కింద. ఆడ తింటనే అన్నది, ‘పని మానేస్తె తీసేస్తరు. విప్పుడు మానొద్దు, మడుచుడు మానుదాం’ అని. నలభై మందిమి ఒక్క మాట మీద నిలబడ్డం. చీరలు రోడ్డు మీదికి రాలే, రైలెక్కలే. నడుం దాక ఒచ్చినయి, గంతె. నడుం దాక చాలు బిడ్డా. కౌంటర్ కాడికి ఎవ్వరు రాలేకపోయిండ్రు.”

“మరి మడిచింది?” మౌనిక మెల్లిగా అడిగింది.

రాములమ్మ గంగాధరరావు వైపు చూసింది. అతను గ్లాసు బండి మీద పెట్టాడు.

“పన్నెండున్నరకు ఈయన మడత మొదలువెట్టిండు. పట్టుచీర ఒక్కరితోని ఒడిసేది గాదు, నీకు ఎరికే. ఒకరు గీ కొస పట్టాలె, ఒకరు గా కొస పట్టాలె. ఈయన ఒక్కొక్కల్నే పేరు పెట్టి పిలిశిండు. ఒక్కరు గూడ పోలే. అప్పుడు సాంబమూర్తి సారే పైనుంచి దిగొచ్చి గా కొస పట్టిండు. ఇద్దరు మడుస్తనే ఉన్నరు, నలభై మందిమి విప్పుతనే ఉన్నం.”

అంతయ్య ఫక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నాడు.

“గంటన్నర. గంటన్నరకు సారు చీరల కుప్ప మీద కూలబడ్డడు. ‘కాళ్లు పీకుతున్నయి, కుర్చీ తెండమ్మా’ అన్నడు. మాకు కుర్చీ ఏడిది? ఆయన దిక్కు చూసుకుంట నిలబడ్డం. ఆయన గూడ మా కాళ్ల దిక్కు చూసిండు, చానసేపు చూసిండు. తెల్లారి స్టూళ్లు ఒచ్చినయి. నలభై. ఎవ్వరిని తీసెయ్యలే. నలభై మందిని ఒక్కపాలి తీసేస్తె శుక్రవారం నాడు చీర చూపెట్టెటోళ్లు ఎవరు?”

ఈ చివరి మాట చెప్పేటప్పుడు ఆమె వెన్ను నిటారుగా అయింది. ఆమె గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం లేదని వింటున్న ఆటోవాళ్లకీ తెలిసింది.

గంగాధరరావు ఇప్పటికి తిరిగాడు. “భయపడ్డాను రాములమ్మా,” అన్నాడు. “పాతికేళ్ల ఉద్యోగం. వీళ్లు ఆడవాళ్లు, మధ్యాహ్నానికి చెదిరిపోతారు, చివరికి నేనొక్కణ్ణే దొరుకుతాననుకున్నాను.”

“భయం మాకు గూడ ఉండె అన్నా. సైదమ్మకైతె చేతులు వణికినయి. వణికే చేతులతోనే విప్పింది.”

మౌనిక తన చేతుల వైపు చూసుకుంది. సంచిలోంచి కాగితం తీసి అంతయ్య బిస్కెట్ డబ్బా మూత మీద పెట్టింది. పెన్ను రాములమ్మ ఇచ్చింది. ఇరవై గీతలున్న ఆ కాగితం మీద మొదటి గీతలో తన పేరు రాసి, కింద తేదీ వేసింది. అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి. “మిగిలినోళ్లు మెట్ల కాడ ఉంటరక్కా, జర ఉండు, పెట్టిచ్చుకొస్త,” అని లేచింది.

“గదొక్కటి జెప్పి పో,” అన్నాడు అంతయ్య రాములమ్మతో, ఉండబట్టలేక. “రావు సారును ఏం జేసిండ్రు మరి మీరు?”

“మేమేం జెయ్యలే. ఒక్క మాట గూడ అనలే.”

“నేను చెబుతాను,” అన్నాడు గంగాధరరావు. మౌనిక వెళ్లబోతూ ఆగింది. ఈసారి అతని చేతులు గాల్లో తిరగలేదు. గొంతు పక్కవాళ్లకి మాత్రమే వినపడింది. “తెల్లారి షాపు తెరిచారు. అందరూ స్టూళ్ల మీద ఉన్నారు. నేనో ధర్మవరం చీర విప్పి చూపించాను, కొనడానికి వచ్చినవాళ్లు వద్దన్నారు. మడత పెడదామని ఓ కొస పట్టుకుని నిలబడ్డాను. రెండో కొస పట్టేవాళ్లు లేరు. తిట్టలేదమ్మా, మొహం తిప్పుకోలేదు కూడా. ఇద్దరిద్దరుగా తమ చీరలు తాము మడుచుకుంటున్నారు. సాంబమూర్తిగారు కిందికి దిగలేదు. గడ్డం కింద ఓ కొస నొక్కి, రెండు చేతులూ చాపి చూశాను. కౌంటర్‌కి కట్టి చూశాను. నెల రోజులు అలాగే. పట్టు సెక్షన్లో నా కౌంటర్ మీద మాత్రం చీరలు కుప్పగా ఉండేవి. చివరికి నన్ను అక్కణ్ణించి తీసి కింద చేతిరుమాళ్ల దగ్గర వేశారు. ఇప్పుడక్కడే ఉన్నాను. రుమాలు మడతకి రెండో మనిషి అక్కర్లేదు.”