రెబెక్కకు తక్కువైన సబ్జెక్టు

ఏం చదువుతనంటివి బిడ్డా? సైకాలజీల ఎమ్మేనా? కూసో, కూసో. మా వాడకట్టుల ఆ చదువు మొదలు చదివింది అన్నమ్మక్క బిడ్డ రెబెక్క. నువ్వు చూడలే, నువ్వు పుట్టకముందే పోయింది. అరవై తొమ్మిది సంగతి చెప్తున్న. అప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌ల ఏముండె, మా కొన్ని ఇండ్లు, చుట్టు చేన్లు. ఎల్బీనగర్ దిక్కు చూస్తె అంతా ఖాళీ జాగనే. తెలంగాణ ఉద్యమంల కాలేజీలన్ని బందు. ఈ పిల్ల మాత్రం గడియారమొకటి చేత్ల పట్టుకొని ఇల్లిల్లు తిరిగేది. నాకు నచ్చకపోయేది. ఆడపిల్ల అని కాదు, పని లేకుండ తిరుగుడు ఎవరికైనా మంచిది కాదు. నేను పొద్దున నాలుగింటికి లేస్తుంటి, ఇప్పటికీ గంతే... ఆ, చెప్తున్న, ఆగు.

ఒకనాడు అన్నమ్మక్క కండ్లు తుడుచుకుంట ఒచ్చింది. పిల్లకు ఒక సబ్జెక్టు తక్కువైందంట, అది లేకుంటె పరీక్షకు రానియ్యరంట, రెండేండ్ల చదువు పాయె అన్నది. దవాఖానల ఆయా పని చేసి చదివిచ్చింది ఆమె. నాకు కోపమొచ్చింది. పోయి, "తల్లి కష్టం చూసి గూడ ఫెయిలైతవా" అని గట్టిగనే అడిగిన. పిల్ల నవ్వి నవ్వి కింద కూలబడ్డది. "మామా, మా చదువుల సబ్జెక్టు అంటె మనిషి. నేను మాట చెప్తె జవాబు చెప్పే మనిషి. ఇరవై మంది గావాలె, పందొమ్మిది మందైన్రు. ఇంకెవ్వరు ఒస్తలేరు, పిచ్చి పరీక్ష అంటున్రు. రేపు సారు ఇంటికి పోయి రికార్డు ఇయ్యాలె" అన్నది.

సరే అని నేను కూసున్న. ఆమె గడియారం చూసుకుంట ఒక మాట అంటది, నాకు మొదలు తోచింది నేను అనాలె. గదే నాతోని కాలే. నీళ్లు అన్నది. బాయి నీళ్లా, నల్లా నీళ్లా అని నేను చూస్తున్న. రెండు నిమిషాలైంది. "ఆలోచించకుండ చెప్పు మామా." "ఆలోచించకుండ మాట్లాడుడు నాకు అలవాటు లేదమ్మా." తలకాయ పట్టుకున్నది. ఇట్లయితె కాయితం చెల్లదంట. మల్ల మొదలువెట్టింది, ఈసారి ఊపిరి తీసుకోనియ్యలే. రొట్టె, గొడుగు, బస్సు, అన్నిటికి ఏదో ఒకటి అన్న. దోస్తు అన్నది. పట్టాభి అన్న.

పట్టాభి ఎవరంటవా? మా ఆఫీసుల గుమస్తా, గుంటూరాయన, మా వెనకిల్లే. ఉద్యోగాల లొల్లిల మాటా మాటా పెరిగి ఆర్నెల్లు మొఖం చూసుకోలే. వానితోని మాట్లాడనని మందిల ఒట్టు పెట్టుకున్నోన్ని నేను. "అది కొట్టెయ్యి బిడ్డా, నోరు జారింది" అన్న. పిల్ల కలం ఎత్తి పట్టుకున్నది. "కొట్టేస్తె దొంగ రికార్డయితది. నువ్వే చెప్పు మామా, కొట్టెయ్యమంటవా?"

వాడకట్టుకంత అబద్ధమాడొద్దని చెప్పినోన్ని. ఉండనియ్యి అన్న.

రికార్డు ఇచ్చింది. పరీక్షలు ఆలస్యంగ జరిగినయి గని, మంచిగ పాసైంది. నేనైతె ఆమెకు జవాబులు చెప్పిన గా సాయంత్రమే పోయి వెనకింటి గొళ్లెం కొట్టిన. పట్టాభి తలుపు తీసి, నిన్ననే కలిసినట్టు, "రండి మత్తయిగారూ, కాఫీ వేళకే వచ్చారు" అన్నడు. పోయి కూసున్న. ఆయన... ఆ. జర గా కిటికీ మూయి బిడ్డా, కండ్లల్ల దుమ్ము పడుతున్నది.