ఛాతీల సైరన్

చాయ్ చల్లారుతుంది, తాగు బిక్షం. ఫ్లూ తగ్గినంక నీ పెండ్లాం ఎల్లమ్మ ఊపిరితిత్తుల్ల ఫంగస్ పట్టిందన్నరు, అంతేగా! ఎట్లాగూ బతకదు, ఇంటికి తోల్కపోతా అని లేస్తవేందీ? కూసో. ఈ జకర్యాకు సుత పట్టింది, స్వైన్ ఫ్లూ కొత్తగా వచ్చిన ఏడు, ఇదే ఆస్పత్రిల.

“నీకా కాకా?”

నాకే! రొట్టె మీద బూజు చూసినవ్ గదా, గట్లనే, లోపలంతా. డాక్టరమ్మ ఏమన్నదో తెలుసా? ఒంట్ల తెల్లకణాలు కాపలా ఉంటయట, గాలిల కొట్టుకొచ్చే బూజును అవే మింగేస్తయట. ఫ్లూతోని కొట్లాడి సగం పడిపోయినయ్, మిగిలినయ్ సోయి తప్పి సొంత గోడలే పగలగొడుతున్నయ్, అన్నది. నేనన్న, “అమ్మా, ఇది మా లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ సంగతే. రాత్రి డ్యూటీవాడు అలిసిపోయిండు, పొద్దుటివాడు రాలే. కానీ రిలీవర్ రానిదే మిషన్ వదలొద్దు, అది మా రూలు.”

ముక్కు మూస్కొని లోపలికి డ్యూటీ సైరన్ ఊదిన. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? ఎముకల్ల పండుకున్న కణాలన్నీ హాజరు టోకెన్లు పట్టుకొని ఉరికొచ్చినయ్, రిటైరైనయ్ సుత! సుత్తెలతోని ధనాధన్ షురూ. నా ఛాతీ చప్పుడుకు వార్డు వార్డంతా, ఇంజన్ వస్తుందని పట్టాల మీదికెళ్లి పక్కకు జరిగిన్రు.

“ఆస్పత్రిల పట్టాలెక్కడియి?”

నడుమ రాకు! ఆఖరికి ఒక్క దగ్గు దగ్గిన. బూజంతా చుట్ట చుట్టుకొని కిటికీలకెళ్లి పోయి బన్సీలాల్‌పేట్ బావిల పడ్డది. ఆ ఊపుకు నేను మంచంతోని సహా స్టేషన్ మీదికెళ్లి ఎగిరి, ఇంటి ముంగట దిగిన. నా ఇల్లాలు సలోమి తలుపు తీసి...

“జకర్యన్నా, ఇగ చాలు.” బండి కాడ చాయ్ వడపోస్తున్న కమలాబాయి గిన్నె కింద పెట్టింది. “ఫ్లూ వచ్చింది నీకు గాదు, సలోమక్కకు. నువ్వు గీ బెంచీ మీద కూసున్నవ్. అక్కను పెట్టెల తీస్కపోయినం. అప్పటిసంది రోజూ గీడికొచ్చి, కనబడ్డోళ్లకల్ల గెలిచినట్టు చెప్తున్నవ్.”

చాయ్ పైసలు తీసి బెంచీ మీద పెట్టిన.

బిక్షం లేచిండు. అయిపోయింది, ఇగ ఆటో పిలుస్తడనుకున్న. ఆస్పత్రి గేటుకాడ ఆగి ఎనక్కి తిరిగిండు.

“కాకా, ఆ సైరన్ ఎట్ల ఊదాలె? జెర చూపియ్. లోపలికి పోయి ఎల్లమ్మకు చెప్తా.”

ముక్కు మూస్కున్న. ఊదబోయి, చెయ్యి తీసేసిన.

“రిలీవర్ వచ్చేదాక మిషన్ వదలొద్దని చెప్పు బిడ్డా,” అన్న.