జర్మన్ల పండగ నాటి నవ్వు

జర్మన్ల జాతీయ దినం విందు ముగిశాక జయంత్, అరుంధతి దోహాలో ఒక హోటల్ నుంచి టాక్సీలో మదీనత్ ఖలీఫా పేటలోని తమ ఇంటికి బయలుదేరారు. విందు ఇచ్చింది ఆమె ఆఫీసువాళ్ళు.

"రెండు గ్లాసుల బీరు తాగావు."

"బావుంది, తాగాను. ఏప్రిల్లో ఇంగ్లీషువాళ్ళ పండక్కి మీరు నాలుగు తాగారు. నేనేమన్నా అన్నానా?"

"తాగినందుకు కాదు. అందరి ముందూ అంత గట్టిగా నవ్వుతుంటే..."

"పరువు పోయిందా?"

జయంత్ ఆమెవైపు తిరిగాడు.

"కాదు. నువ్వలా నవ్వుతావని మర్చేపోయాను. మనింట్లో అలా ఎప్పుడు నవ్వావు?"

"అక్షర పుట్టకముందు."

వాళ్ళమ్మాయికి మొన్ననే తొమ్మిదేళ్ళు నిండాయి. టాక్సీ ఆగింది.

"ఇల్లొచ్చింది, దిగండి," అంది అరుంధతి.

అతనికి దిగాలనిపించలేదు.