మొదటి రోజా ఉంగరం

హలో… ఆ, నేనే, మీ అత్తనే. కంగారుపడకు ఫతీహా…

ఇంట్లో లేం తల్లీ. పెద్దాసుపత్రిలో ఉన్నాం… రిహామ్‌కే… అయ్యో, ఉంది, నా పక్కనే ఉంది! సెలైన్ ఎక్కుతోంది.

పొద్దున మంచం దిగబోయి కూలబడిపోయింది. కాళ్లలో సత్తువ లేదు. ఒకటే ఎగశ్వాస… ఆ, నువ్వెప్పుడూ భయపడే ఆ ఊపిరే. నీ మొగుడే ఎత్తుకొచ్చాడు…

సోడా మందా?… పగటిపూట వెయ్యలేదు.

మరిచిపోలేదమ్మా. మరిచిపోయినా ఇంత బాధ ఉండేది కాదు.

నువ్వు మీ అక్క పురుడని ఒరాన్ పట్నం వెళ్లావా… ఇది ఈ రంజాన్‌కి తనూ ఉపవాసం, రోజా ఉంటానని పట్టుబట్టింది. "నానమ్మా, మందు తాగితే రోజా పోతుందా?" అంది. పోతుందే అన్నాను. ఒక్క రోజుతో ఆగుతుందనుకున్నా… ఆగలేదు. నేనూ ఆపలేదు.

— తెలుసు. రోగికి మినహాయింపు ఉందని నాకు తెలీదా? తెలిసే అన్నాను. పక్కింటి జొహ్రా మనవరాలు నిరుడే రోజా ఉంది. మన పిల్ల ఎప్పుడూ రోగిష్టిదేనా అని… నా అహంకారం మండిపోను!

మొదటి రోజా సాయంత్రం, మన ఆనవాయితీ ప్రకారం, పెళ్లికూతురిలా ముస్తాబు చేశాను. షర్బత్ గ్లాసులో నా వెండి ఉంగరం వేసి తాగించాను. అందరూ దీవిస్తుంటే పొంగిపోయాను…

ఆ షర్బత్‌లో నిమ్మకాయ పులుపే చేటు చేసిందేమోనని డాక్టరమ్మని అడిగాను కూడా. కాదంది. పులుపు ఒంట్లోనే పుడుతుందట, అందరికీను. కిడ్నీ కణాల గోడల్లో చిన్న పంపులుంటాయట, ఆ ఆమ్లాన్ని మూత్రంలోకి తోసేస్తాయట. దీనికి ఆ పంపులు పుట్టుకతోనే పనిచెయ్యవు… ఆ, నీకు ఎప్పుడో చెప్పారు. నాకూ నువ్వు చెప్పావు. నేనే చెవిన పెట్టలేదు. దాన్ని విరిచే సోడా మందు ఆపితే అదంతా రక్తంలోనే పేరుకుంటుందట…

ఫతీహా?… తిట్టు తల్లీ. తప్పు నాదే…

గండం గడిచిందనే అంటున్నారు. కానీ నోటి మందు తాగాలి. తాగనంటోంది. పళ్లు బిగించేసింది… నర్సు చెప్పింది, నీ మొగుడు చెప్పాడు. ఊహూఁ.

ఉండు, ఏదో అంటోంది… ఏంటమ్మా?…

"రోజా పోతే ఉంగరం వెనక్కి తీసుకుంటావా" అని అడుగుతోంది.

…నేనేం ఏడవట్లేదు. ఏడవట్లేదులే…

తీసుకోనే నా బంగారూ. అది నీదే. నానమ్మ అబద్ధం చెప్పింది. జబ్బుపడితే తాగమనే దేవుడు చెప్పాడు…

నమ్మట్లేదు ఫతీహా. "నువ్వు తాగవుగా" అంటోంది.

— మధ్యాహ్నమే. అజాన్ ఇప్పుడే అయింది… అవును, నేను కూడా రోజాలోనే ఉన్నాను. పెళ్లయినప్పటి నుంచి ఒక్కటీ కావాలని వదల్లేదు, నీకు తెలుసు… ఇవాళ్టిది విడిచేసి పండగయ్యాక తీర్చుకుంటాలే. తీరకపోతే దేవుడికి నేనే జవాబు చెప్పుకుంటా.

ఇటు చూడు రిహామ్. ఇవి మంచినీళ్లు. చూస్తున్నావా?…

…తాగేశాను. మొత్తం. ఇప్పుడు నీ వంతు…

ఫతీహా… నోరు తెరిచింది. ఉంటానమ్మా, గ్లాసు పట్టుకోవాలి, రెండు చేతులూ కావాలి—