ఎద్దుల బదులు కంప్యూటర్

జి.మాడుగుల పైన కొండవాలు ఊరు. తొలకరి పడింది, ఊరంతా కాడి కట్టింది. ఎద్దులమ్మి కంప్యూటర్ కొన్న మహారాజు ఫల్గుణ మాత్రం తెర ముందు కూర్చున్నాడు. వెనకాల పెళ్లాం కనక నిలబడి ఉంది.

"ఎంతైంది మావా?"

"అవుతాది. నువ్వెల్లి అంబలి తాగు."

"అంబలి సంగతి నానడగనేదు. మన ఎద్దుల్ని కొన్న రవిబాబు వేను తెచ్చీసినాడు. ఆటిని ఎక్కించీసి కిందకి తోలుకుపోతాడట. సాయంత్రంలోగా డబ్బులు తిరిగిచ్చీత్తే ఒదిలీత్తానన్నాడు. కంప్యూటర్లోంచి ఆ కాయిన్లేవో బేగి తీ."

"తియ్యనియ్యదే అది. ఇన్ని కాయిన్లని ఒక హద్దుంటాది. హద్దు దాటితేనే మన సేతికిత్తాది."

"కాఫీ పళ్లు కోసిన కాడ్నించి నడుత్తానే ఉంది కదా. ఇంకా దాటనేదా?"

"అంత బేగి ఎలా దాటుతాది? పగలూ రాత్రీ ఆక్కుండా నడిత్తేనే దాటుతాది."

"ఆక్కుండానా?"

"మైనింగంటే అదే మరి. కాయిన్లు తవ్వడం. ఊరికే లెక్కలు కడతానే ఉండాల ఇది. ఒక్క పూట ఆగినా..."

"మద్దేనం కూడానా?"

"మద్దేనవేటి, పొద్దేటి... ఏటే, అలా సూత్తన్నావు?"

"నువ్వు తోటకెల్లగానే నానే తీగ పీకీసీదాన్ని."

"ఏటీ?"

"ఒల్లు కాలిపోతంది మావా దానికి. రొప్పుతంది. ఎద్దులకైనా మద్దేనం కాడి ఇప్పీసి నీడన కడతాం కదా. దీనికి మాత్రం అలుపుండదేటి అనుకున్నాను. నువ్వొచ్చీ యేలకి మల్లీ గుచ్చీసీదాన్ని."

"రోజూనా?"

"రోజూ."

"అయితే నీవల్లే! నీవల్లే దాటనేదు! కొంప ముంచీసినావు కదే!"

"నాకు తెల్దు మావా... ఎవులూ సెప్పనేదు... ఇప్పుడు సోళ్ల ఇత్తనాలు ఎలా జల్లుతాం? ఏడాదంతా పిల్లలకేటి పెడతాం? నానే సేసినాను. నానే ఎల్తాను రవిబాబు కాడికి. కాళ్లు పట్టుకుంటాను. ఎద్దులొదిలీయి బాబూ, ఏడాదంతా మీ ఇంట్లో ఊడిగం సేత్తానంటాను."

"కనకా, ఆగు."

"తప్పు నాది. నానే..."

"ఆగవే! నీది కాదు."

"నువ్వే కదా అన్నావు?"

"అన్నాను. సిగ్గునేక అన్నాను. నువ్వు ఒప్పీసుకుంటే నాను తప్పించుకుందునని అన్నాను."

"ఏటి మాటాడతన్నావు మావా?"

"పాడేరు నించొచ్చి ఇది బిగించినాడు సూడు, ఫణీంద్ర. కాయిన్లు పడీ ఖాతా నాకప్పటికి నేదు. 'ఇప్పటికి నా ఖాతా పెడతాను, తరవాత నువ్వు మార్చుకో' అన్నాడు. ఎలా మార్చాలో తెల్దు. అడిగితే ఈ కొండోడికి కంప్యూటరెందుకని నవ్వుతాడని అడగనేదు. ఇన్నాల్లూ తెర మీద అంకె పెరుగుతంటే మనదే అనుకున్నాను. ఈ పొద్దు తియ్యబోతే తెలిసింది, అంతా ఆడి ఖాతాలోకే పోతందని."

"అయితే మనకి..."

"ఏటీ నేదు."

"ఆడికి ఫోను సెయ్యి!"

"పొద్దున్నించీ సేత్తన్నాను. ఎత్తడు."

"నాను తీగ పీకకపోతే కొంచెమైనా..."

"పీకకపోతే ఆడికి ఇంకొంచెం ఎక్కువొచ్చును. మన ఎద్దుల్నమ్ముకోని ఇన్నాల్లూ ఆడి పొలం దున్నినామే."